పారిశ్రామిక వ్యర్థజలాలు – వాయురహిత సూక్ష్మజీవులు

ఆక్సిజన్ అక్కర్లేకుండా బతుకుతూ, చాలా సందర్భాల్లో ఆక్సిజన్ తగిలితే చచ్చిపోతూ, ఫ్యాక్టరీల మురుగులోని సేంద్రియ పదార్థాన్ని విడగొట్టే సూక్ష్మజీవులను స్థూలంగా వాయురహిత బ్యాక్టీరియా అంటారు. చక్కెర, ఆల్కహాల్, పిండి, కాగితం, పాలు, మాంసం, పెట్రోరసాయన పరిశ్రమల నుంచి వచ్చే నీటిని శుద్ధి చేయడంలో వీటిది పెద్ద పాత్ర. ఒక డైజెస్టర్ ట్యాంకులో వందల జాతులు కలిసి కాపురం చేస్తాయి. ఒకటి వదిలింది మరొకటి తింటుంది. ఆఖరున మీథేన్ వాయువును పుట్టించేవి అసలు బ్యాక్టీరియా కావు; ఆర్కియా అనే వేరే వర్గం జీవులు. ప్లాంట్లలో పనిచేసేవాళ్ళు మాత్రం ఈ తేడాలేవీ పట్టించుకోకుండా అన్నిటినీ కలిపి ‘కల్చర్’ అనో ‘బగ్స్’ అనో అంటారు.

గాలి లేకుండా ఎందుకు?

మురుగు తీవ్రతను సీవోడీతో కొలుస్తారు. లీటరు నీటిలో ఉన్న కాలుష్యాన్ని రసాయనికంగా ఆక్సీకరించడానికి ఎన్ని మిల్లీగ్రాముల ఆక్సిజన్ పడుతుందో ఆ అంకె అది. ఇళ్ళ మురుగుకు ఇది వందల్లో ఉంటుంది. మొలాసిస్‌ను పులియబెట్టి ఆల్కహాల్ తీసే డిస్టిలరీలో, బట్టీ పట్టాక మిగిలిపోయే స్పెంట్‌వాష్‌కు 80,000 నుంచి 1,50,000 దాకా ఉంటుంది. లీటరు ఆల్కహాల్‌కు 8 నుంచి 15 లీటర్ల స్పెంట్‌వాష్ వస్తుంది. కాఫీ డికాక్షన్ కన్నా నల్లగా, పొగలు కక్కే వేడితో, పీహెచ్ 4 దరిదాపుల్లో ఉండే ఈ నీళ్ళు వాగులో కలిస్తే అక్కడున్న ఆక్సిజన్ అంతా హరించుకుపోయి చేపలు తేలిపోతాయి.

ఇంత చిక్కటి నీటిలోకి బ్లోయర్లతో గాలి కొట్టి శుద్ధి చేయాలంటే కరెంటు ఖర్చే ఫ్యాక్టరీని ముంచుతుంది. పైగా గాలి పీల్చే బ్యాక్టీరియా కిలో సీవోడీ తింటే అందులో దాదాపు సగం వాటి ఒళ్ళుగా, అంటే బురదగా మారుతుంది. ఆ బురదను ఎక్కడ పోయాలన్నది ఇంకో తలనొప్పి. వాయురహిత జీవుల దగ్గర లెక్క వేరు. గ్లూకోజ్‌ను ఆక్సిజన్‌తో పూర్తిగా దహిస్తే మోలుకు 2,870 కిలోజౌళ్ళ శక్తి వస్తుంది. అదే గ్లూకోజ్ గాలి లేకుండా మీథేన్, కార్బన్ డయాక్సైడ్‌లుగా విడిపోతే సుమారు 400 కిలోజౌళ్ళే వస్తాయి. మిగతా శక్తి మీథేన్‌లోనే ఉండిపోతుంది. ఆ 400లోనే అన్ని జాతులూ పంచుకోవాలి. కాబట్టి అవి పెద్దగా పెరగవు. కిలో సీవోడీకి పుట్టే బురద 50 నుంచి 100 గ్రాములు మించదు.

వాటి పేదరికం మనకు లాభం. తొలగించిన ప్రతి కిలో సీవోడీకి 0.35 ఘనపు మీటర్ల మీథేన్ దక్కుతుంది. ఘనపు మీటరు స్పెంట్‌వాష్‌లో 100 కిలోల సీవోడీ ఉండి, అందులో 65 కిలోలు తొలగిపోతే చేతికొచ్చే మీథేన్ దాదాపు 23 ఘనపు మీటర్లు. ఇది బాయిలర్‌కు పనికొచ్చే ఇంధనం. కాలుష్య నియంత్రణ మండలి నోటీసులకు భయపడి డైజెస్టర్ కట్టిన యజమానులు కూడా, బాయిలర్ ఇంధనం ఖర్చు తగ్గాక దాన్ని శ్రద్ధగా చూసుకోవడం మొదలుపెట్టారు. నా ఉద్దేశంలో ఈ పద్ధతి మన దేశంలో నిలదొక్కుకోవడానికి చట్టం కన్నా గ్యాసే ఎక్కువ కారణం.

కనుగొన్న క్రమం

ఇటలీ శాస్త్రవేత్త అలెస్సాండ్రో వోల్టా 1776లో మజ్జోరె సరస్సు అంచున బురదను కర్రతో కదిపి, పైకి వచ్చిన బుడగలను సీసాలో పట్టి, అవి మండుతాయని చూపించాడు. గాలి లేకుండా బతికే జీవులున్నాయని 1861లో బ్యూటిరిక్ పులియడాన్ని పరిశీలిస్తూ లూయీ పాశ్చర్ తేల్చాడు. 1890ల మధ్యలో ఇంగ్లండులోని ఎక్సెటర్ పట్టణంలో డొనాల్డ్ కామెరాన్ సెప్టిక్ ట్యాంకు కట్టించాడు. 1897 నాటికి బొంబాయిలోని మాతుంగా కుష్ఠురోగుల ఆశ్రమంలో మలట్యాంకుల గ్యాసును పట్టి వాడుకున్నారు. ఆ తర్వాతి దశాబ్దంలో జర్మనీలో కార్ల్ ఇమ్‌హాఫ్ బురద కిందికి, నీరు పైకి విడిపోయే రెండంతస్తుల ట్యాంకును తెచ్చాడు.

ఇవన్నీ ఫలితం తెలిసి కారణం తెలియని రోజులు. మీథేన్ చేసే జీవి ఆక్సిజన్ పొడ కూడా గిట్టనిది కావడంతో దాన్ని విడిగా పెంచడం కుదరలేదు. ఆవు మొదటి పొట్టలోని జీవులను అధ్యయనం చేసిన రాబర్ట్ హంగేట్, సీసా గోడలకు పల్చగా పోత పోసిన జెల్లీలో ఆక్సిజన్ లేకుండా వీటిని పెంచే పద్ధతి కనిపెట్టాక దారి తెరుచుకుంది.

అసలు మలుపు 1967లో వచ్చింది. అంతకుముందు దశాబ్దాలుగా, ఆల్కహాల్‌ను తిని మీథేన్ చేసే ఒకే జీవిగా పుస్తకాలకెక్కిన ‘మెథనోబాసిలస్ ఒమెలియాన్‌స్కీ’ నిజానికి రెండు జీవుల జంట అని మార్విన్ బ్రయంట్, ఆయన సహచరులు నిరూపించారు. ఒకటి ఆల్కహాల్‌ను తిని హైడ్రోజన్ వదులుతుంది. రెండోది ఆ హైడ్రోజన్‌ను తిని మీథేన్ చేస్తుంది. విడదీస్తే మొదటిది ఆల్కహాల్ మీద సరిగా పెరగలేదు, రెండోది దాన్ని ముట్టనే లేదు. పదేళ్ళ తర్వాత, 1977లో, కార్ల్ వోస్, జార్జ్ ఫాక్స్ జన్యుపదార్థాన్ని పోల్చి మీథేన్ జీవులు బ్యాక్టీరియా కుటుంబానికే చెందవని తేల్చారు.

ట్యాంకు లోపలి గొలుసు

పని నాలుగు దశల్లో జరుగుతుంది. మొదట కొన్ని బ్యాక్టీరియా ఎంజైములను బయటికి వదిలి పిండిని చక్కెరలుగా, ప్రొటీన్‌ను అమైనో ఆమ్లాలుగా, కొవ్వును కొవ్వు ఆమ్లాలుగా తుంచుతాయి. తర్వాత క్లాస్ట్రిడియం వంటివి వాటిని అసిటిక్, ప్రొపియానిక్, బ్యూటిరిక్ ఆమ్లాలుగా మారుస్తాయి. రాత్రి రుబ్బి పెట్టిన ఇడ్లీ పిండి తెల్లారేసరికి పులిసినట్టు ఈ దశ గంటల్లో జరిగిపోతుంది. చిక్కంతా దీని తర్వాతే ఉంది.

ప్రొపియానిక్, బ్యూటిరిక్ ఆమ్లాలను మీథేన్ జీవులు నేరుగా తినలేవు. వాటిని అసిటిక్ ఆమ్లంగా, హైడ్రోజన్‌గా విడగొట్టే ప్రత్యేక బ్యాక్టీరియా మధ్యలో ఉండాలి. ప్రొపియానిక్‌కు సింట్రోఫోబ్యాక్టర్, బ్యూటిరిక్‌కు సింట్రోఫోమోనాస్ ఇందులో బాగా తెలిసినవి. వీటి బతుకు కత్తిమీద సాము. చుట్టూ హైడ్రోజన్ పేరుకుంటే ఈ చర్య నుంచి వాటికి శక్తే రాదు, చర్య ఆగిపోతుంది. ప్రొపియానిక్ ఆమ్లం విరగాలంటే హైడ్రోజన్ పీడనం వాతావరణ పీడనంలో పదివేలో వంతుకు లోపే ఉండాలి. పక్కనే ఉన్న మీథేన్ జీవి పుట్టిన హైడ్రోజన్‌ను పుట్టినట్టు లాగేస్తుంటేనే అది సాధ్యం. అందుకే ఈ రెండు రకాలూ మైక్రాన్ల దూరంలో ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. జియోబ్యాక్టర్ వంటి కొన్నయితే హైడ్రోజన్ ఊసే లేకుండా ఎలక్ట్రాన్లను నేరుగా పొరుగు కణానికి అందిస్తాయని ఈ శతాబ్దంలో తెలిసింది.

నాలుగో దశ మీథేన్ తయారీ. ట్యాంకులో పుట్టే మీథేన్‌లో సుమారు 70 శాతం అసిటిక్ ఆమ్లం నుంచి, మిగతాది హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్‌ల నుంచి వస్తుంది. అసిటిక్ ఆమ్లాన్ని తినేవి ప్రధానంగా రెండే: మెథనోసార్సినా, మెథనోథ్రిక్స్. ఆమ్లం పుష్కలంగా ఉంటే మొదటిది, అరకొరగా ఉంటే రెండోది పైచేయి సాధిస్తుంది. పేగుల్లోని ఈ.కోలి 20 నిమిషాల్లో రెట్టింపయితే, మెథనోథ్రిక్స్‌కు కొన్ని రోజులు పడుతుంది. వీటికి ఇనుము, కోబాల్టుతోపాటు నికెల్ తప్పనిసరి. మీథేన్‌ను పుట్టించే ఎంజైము గుండెలో ఉండేది నికెల్ పరమాణువే. చిన్న ముచ్చట ఒకటి: డైజెస్టర్ బురద చుక్కను మైక్రోస్కోపు కింద పెట్టి 420 నానోమీటర్ల కాంతి వేస్తే, మీథేన్ జీవుల్లోని ఎఫ్420 అనే సహఎంజైము వల్ల అవి నీలి ఆకుపచ్చగా మెరుస్తాయి. హైడ్రోజన్ తినేవాటిలో ఈ మెరుపు ఎక్కువ, మెథనోథ్రిక్స్‌లో తక్కువ.

లెట్టింగా బురద గుళికలు

ఇంత నెమ్మదిగా పెరిగే జీవులను ప్రవాహంలో కొట్టుకుపోకుండా నిలపడమే ఇంజనీర్లకు అసలు సమస్య. పాత ట్యాంకుల్లో నీరు ఎన్ని రోజులుంటే జీవులూ అన్ని రోజులే ఉండేవి. కనుక నీటిని 15–20 రోజులు ఆపాల్సి వచ్చేది. ట్యాంకులు చెరువులంత అయ్యేవి. 1969లో అమెరికాలో యంగ్, మెకార్టీ ట్యాంకులో రాళ్ళు నింపి జీవులు వాటికి అంటుకునేలా చేశారు. నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్‌లో గాట్జె లెట్టింగా 1970లలో ఆ రాళ్ళూ అక్కర్లేదన్నాడు. మురుగును ట్యాంకు అడుగునుంచి నెమ్మదిగా పైకి పంపితే, తేలికపాటి కణాలు కొట్టుకుపోయి, ఒకదానికొకటి అతుక్కున్నవి కిందే మిగిలి, కొన్ని నెలల్లో ఆవగింజల సైజు గుళికలు కడతాయి. బీట్‌రూట్ జాతి దుంపల నుంచి చక్కెర తీసే డచ్చి ఫ్యాక్టరీలో దీన్ని పరీక్షించి నిలబెట్టారు. అదే యూఏఎస్‌బీ (అప్‌ఫ్లో అనేరోబిక్ స్లడ్జ్ బ్లాంకెట్).

గుళికను చేతిలోకి తీసుకుంటే నల్లగా, అర మిల్లీమీటరు నుంచి మూడు నాలుగు మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. వేళ్ళ మధ్య నొక్కితే గట్టిగా తగులుతుంది. ఆమ్లాలు చేసేవి సాధారణంగా పై పొరలో, మీథేన్ చేసేవి లోపల చేరతాయి. ట్యాంకు నెత్తిన బోర్లించిన గరాటాల వంటి నిర్మాణం గ్యాసును ఒకవైపు, నీటిని మరోవైపు పంపి, గుళికలను తిరిగి అడుగుకు జారవిడుస్తుంది. దీంతో 15 రోజుల పని చాలా రకాల వ్యర్థజలాలకు గంటల్లోకి వచ్చింది. లెట్టింగా దీనికి పేటెంటు తీసుకోలేదు. పేద దేశాలు స్వేచ్ఛగా వాడుకోవాలన్నది ఆయన ఉద్దేశం. ఆయనకు 2007లో టైలర్ పురస్కారం, 2009లో సింగపూర్ వారి లీ క్వాన్ యూ జల పురస్కారం లభించాయి. తర్వాత వచ్చిన ఈజీఎస్‌బీ, ఐసీ రియాక్టర్లు ఇదే సూత్రాన్ని మరింత ఎత్తైన, సన్నని ట్యాంకుల్లో, మరింత వేగంగా నడిపిస్తాయి.

ప్లాంటు నడక

కొత్త డైజెస్టర్‌కు ప్రాణం పోయడానికి మన దగ్గర నమ్మకమైన దారి పేడనీళ్ళు. దానితోపాటు నడుస్తున్న మరో ప్లాంటు నుంచి ట్యాంకర్లలో బురద తెచ్చి కలుపుతారు. మొదట కొద్దికొద్దిగా మురుగు పెట్టి, వారాల తరబడి మోతాదు పెంచుతారు. ఇక్కడ తొందరపడ్డవాళ్ళే ఎక్కువగా దెబ్బతింటారు. సంచుల్లో అమ్మే ‘సూపర్ కల్చర్’ పొడులు వేస్తే రాత్రికి రాత్రే శుద్ధి అవుతుందని చెప్పే అమ్మకందార్లకు కొదవ లేదు. గొలుసులో ఆలస్యం మీథేన్ జీవుల దగ్గర ఉంటే, ఆమ్లాలు చేసే బ్యాక్టీరియా పొడి వేసి లాభం ఏమిటి?

నడుస్తున్న ప్లాంటులో ల్యాబ్ కెమిస్టు రోజూ చూసేవి రెండు: కొవ్వు ఆమ్లాల మోతాదు, క్షారత. మొదటిది రెండోదానిలో మూడో వంతు దాటిందంటే ప్రమాదం మొదలైనట్టే. పీహెచ్ మీటరు ఆ సంగతి ఆలస్యంగా చెబుతుంది, అది 6.5 కిందికి దిగేసరికి మీథేన్ జీవులు చేతులెత్తేసి ఉంటాయి. గ్యాసులో మీథేన్ వాటా పడిపోతుంది, బర్నర్ మంట ఆరిపోతుంటుంది, ముక్కిపోయిన వెన్న కంపు కొడుతుంది. అప్పుడు చేయాల్సిన మొదటి పని సున్నం బస్తాలు విప్పడం కాదు, ఫీడు ఆపడం. ఆ తర్వాతే సున్నమో సోడా బైకార్బొనేటో. ఉష్ణోగ్రత 35–37 డిగ్రీల దగ్గర నిలకడగా ఉండాలి. 55 దగ్గర పనిచేసే వేరే జాతులున్నా అవి మరింత సుకుమారం.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. డైజెస్టర్ గ్యాసులో హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది. కుళ్ళిన గుడ్డు వాసన వచ్చినంతసేపూ మనిషి జాగ్రత్తపడతాడు. గాలిలో అది పది లక్షల వంతులకు 100–150 దాటితే ముక్కు మొద్దుబారి వాసన తెలియదు. 500 దాటితే ప్రాణాంతకం. ఖాళీ ట్యాంకే కదా అని దిగినవాడు, అతన్ని కాపాడబోయి దిగినవాడు, ఇద్దరూ చనిపోయిన వార్తలు తరచూ చదువుతూనే ఉన్నాం. గ్యాస్ డిటెక్టరు, గాలి సరఫరా ఉన్న మాస్కు, పైన తాడు పట్టుకునే మనిషి లేకుండా దిగకూడదు.

కష్టమైన కాలుష్యాలు

చక్కెర, పిండి తేలిక ఆహారం. పాలిస్టర్‌కు ముడిసరుకైన టెరిఫ్తాలిక్ ఆమ్లం, ఫినాల్ వంటి బెంజీన్ వలయాలున్న పదార్థాలనూ విరిచే వాయురహిత జీవులున్నాయి. నెలల తరబడి అలవాటు చేయాలంతే.

వస్త్రపరిశ్రమలోని ఆజో రంగుల సంగతి తమాషాగా ఉంటుంది. గాలి పీల్చే బ్యాక్టీరియాకు వీటి నత్రజని బంధం ఒక పట్టాన కొరుకుడు పడదు. వాయురహిత జీవులు దాన్ని ఇట్టే తెంచుతాయి, రంగు మాయమవుతుంది. కానీ మిగిలేవి ఆరొమాటిక్ ఎమీన్లు; వాటిలో కొన్ని క్యాన్సర్ కారకాలు. నీరు తేటపడింది కదా అని వదిలేస్తే మొదటికన్నా ప్రమాదం. రెండో ట్యాంకులో గాలి కొట్టి ఆ ఎమీన్లను కాల్చేయాలి.

లోహభాగాల జిడ్డు వదిలించడానికి, డ్రైక్లీనింగుకు వాడే పెర్‌క్లోరోఎథిలీన్‌ది ఇంకో కథ. అమెరికాలో ఇథకా మురుగుశుద్ధి కేంద్రం బురద నుంచి కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 1997లో వేరుచేసిన డీహాలోకాకాయిడిస్ అనే బ్యాక్టీరియా ఈ ద్రావణిలోని క్లోరిన్లను ఒక్కొక్కటిగా ఊడదీసి నిరపాయమైన ఎథిలీన్‌గా మారుస్తుంది. దానికి ఇది తిండి కాదు, ఊపిరి. మనం ఆక్సిజన్ వాడినట్టు అది క్లోరిన్ పదార్థాన్ని వాడుతుంది. అది లేనిచోట చర్య మధ్యలో, క్యాన్సర్ కారకమైన వినైల్ క్లోరైడ్ దగ్గరే చాలాసార్లు ఆగిపోతుంది.

సల్ఫేటుతో ఊపిరి తీసుకునే డీసల్ఫోవిబ్రియో వర్గం డైజెస్టర్లకు శత్రువు. మీథేన్ కావలసిన హైడ్రోజన్‌ను అది లాగేసి విషవాయువు చేస్తుంది. అదే జీవిని నెదర్లాండ్స్‌లో బ్యూడెల్ జింకు కర్మాగారం 1992 నుంచి పనిలో పెట్టుకుంది: కలుషిత భూగర్భజలంలోని సల్ఫేటును సల్ఫైడుగా మారిస్తే, కరిగి ఉన్న జింకు దానితో కలిసి గట్టిపడి అడుక్కి దిగుతుంది.

నత్రజని విషయంలో ఆశ్చర్యం డెల్ఫ్ట్ నగరంలోని ఈస్టు ఫ్యాక్టరీలో ఎదురైంది. గాలి లేని రియాక్టరులో అమోనియా మాయమవుతోందని ఆర్నాల్డ్ ముల్డర్ గమనించాడు. అలాంటి జీవి ఉండి తీరాలని ఆస్ట్రియా శాస్త్రవేత్త ఎంగెల్‌బర్ట్ బ్రోడా 1977లోనే లెక్కగట్టి చెప్పాడు. అనమాక్స్ అని పిలుస్తున్న ఈ ఎర్రటి బ్యాక్టీరియా అమోనియాను నైట్రైటుతో కలిపి నత్రజని వాయువుగా వదిలేస్తుంది; మధ్యలో రాకెట్ ఇంధనమైన హైడ్రజీన్‌ను తన కణంలోనే తయారుచేస్తుంది. 2002లో రాటర్‌డామ్‌లో తొలి పూర్తిస్థాయి అనమాక్స్ ప్లాంటు నడక మొదలుపెట్టింది.

మన దేశంలో, మన దగ్గర

గంగా కార్యాచరణ ప్రణాళిక కింద డచ్చి సహాయంతో కాన్పూరు జాజ్‌మౌలో యూఏఎస్‌బీలు కట్టారు. 1994లో మొదలైన, రోజుకు 3.6 కోట్ల లీటర్ల ప్లాంటులో ఒక వంతు తోళ్ళ పరిశ్రమ నీటికి మూడు వంతుల ఇళ్ళ మురుగు కలిపి పంపాలన్నది ఏర్పాటు. తోళ్ళ నీటిలోని సల్ఫేటు, క్రోమియం మీథేన్ జీవులకు గిట్టవు. పల్చన చేయక తప్పదు. పల్చన చేస్తే క్రోమియం పోదు, బురదలో చేరుతుంది.

తెలుగునాట సామర్లకోట, పెద్దాపురం ప్రాంతంలోని సగ్గుబియ్యం ఫ్యాక్టరీల నీరు వాయురహిత శుద్ధికి అచ్చంగా సరిపోయే రకం. కర్రపెండలం పిండి కలిసిన ఆ నీరు గుంటల్లో నిలిచి ఊరంతా కంపు కొట్టడానికి, అదే నీరు కప్పేసిన ట్యాంకులో గ్యాసు ఇవ్వడానికి కారణం ఒకే జీవులు. హైదరాబాదులో భారతీయ రసాయన సాంకేతిక సంస్థ అనేరోబిక్ గ్యాస్ లిఫ్ట్ రియాక్టరును రూపొందించింది. బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్టు వ్యర్థాల నుంచి కరెంటు తీసే ప్లాంటు కట్టింది ఆ పరిజ్ఞానంతోనే.

మందుల ఫ్యాక్టరీల నీరు వేరే పాఠం చెబుతుంది. పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రచురించారు. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికన్నా అది ఎక్కువ. మీథేన్ జీవుల కణకవచంలో పెన్సిలిన్ దెబ్బతీసే పదార్థం లేదు కాబట్టి వాటికి ఆ జాతి మందుల భయం లేదు. కానీ వాటికి ఆహారం అందించే బ్యాక్టీరియాకు ఉంది. గొలుసులో ఒక కొక్కెం ఊడినా మీథేన్ రాదు. బతికి బయటపడ్డ బ్యాక్టీరియా మందులకు లొంగని జన్యువులను మోసుకెళ్ళడం అంతకన్నా పెద్ద ప్రమాదం. ఈ రకం నీటిలోని మందును తయారైన చోటే, ఫ్యాక్టరీ గేటు దాటకముందే తీసేయాలి. ట్యాంకులోని జీవులమీదికి నెట్టడం తప్పు.

వాయురహిత శుద్ధి సేంద్రియ భారాన్ని తగ్గిస్తుంది తప్ప ఉప్పును తీయదు, భారలోహాన్ని మాయం చేయదు. స్పెంట్‌వాష్ నలుపుకు కారణమైన మెలనాయిడిన్లు డైజెస్టర్ దాటాక కూడా చెక్కుచెదరవు. అందుకే నియమాల ప్రకారం డిస్టిలరీలు గ్యాసు తీశాక మిగిలిన నీటిని ఆవిరిచేసి చిక్కబరచడమో, చక్కెర ఫ్యాక్టరీ మడ్డి అయిన ప్రెస్‌మడ్‌తో కలిపి ఎరువు చేయడమో, బాయిలర్‌లో కాల్చడమో చేయాలి. లీకైన మీథేన్ వందేళ్ళ లెక్కన కార్బన్ డయాక్సైడ్ కన్నా దాదాపు 28 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది కనుక, గ్యాసును పట్టకుండా గాలిలోకి వదిలే ప్లాంటు ఒక కాలుష్యాన్ని ఇంకో కాలుష్యంగా మార్చినట్టే.

నగర మురుగు విషయానికొస్తే, హైదరాబాదులో రోజుకు 33.9 కోట్ల లీటర్ల సామర్థ్యంతో అంబర్‌పేటలో, 17.2 కోట్ల లీటర్లతో నాగోలులో కట్టిన మురుగుశుద్ధి కేంద్రాలు యూఏఎస్‌బీ పద్ధతివే. జలమండలి ఆ తర్వాత చేపట్టిన 31 కేంద్రాలకు మాత్రం గాలి కొట్టే ఎస్‌బీఆర్ పద్ధతిని ఎంచుకుంది. గ్యాసు పెద్దగా రాని పల్చటి నగర మురుగుకు అది సబబైన ఎంపికే. చిక్కటి ఫ్యాక్టరీ నీటికి మాత్రం ముందు వాయురహిత ట్యాంకు, దాని తర్వాత గాలి ట్యాంకు అన్న వరుసను మించిన చవకైన దారి ఇప్పటికీ లేదు.